కొత్తిమీర కొసరు కాదండీ

ఈ మధ్య ఎక్కడ చూసినా బౌల్సే. మిల్లెట్ బౌల్, ప్రోటీన్ బౌల్, చిక్‌పీ బౌల్. పేరేదైనా లోపల సరుకు ఒక్కటే. అడుగున చల్లారి గట్టిపడ్డ కొర్రల ముద్ద, దాని మీద ఉప్పు పట్టని కాబూలీ శనగలు, నాలుగు కీరా ముక్కలు, ఆపైన ఫొటో కోసం రెండంటే రెండు కొత్తిమీర ఆకులు. బిల్లు చూస్తే ఇంటిల్లిపాదికీ టిఫిన్లు వచ్చేంత. అయినా తిన్నవాళ్ళు "హెల్తీ కదా" అని సర్దుకుపోతారు.

నాకు మండేది ఆ "హెల్తీ కదా" దగ్గరే. ఉప్మా ఉండలు కడితే ఊరుకుంటామా? పెసరట్టు పచ్చిగా ఉంటే హోటలువాడిని నాలుగు మాటలనకుండా లేస్తామా? సలాడ్‌ని మాత్రం రుచి అడక్కూడదట. కళ్ళు మూసుకుని కషాయంలా మింగెయ్యాలట. తిండిని మందు చేసి పెడితే అది రెండు వారాలు కూడా సాగదు. మూడో వారం మళ్ళీ బిర్యానీకి ఆర్డర్ పెట్టి, "సలాడ్లు మన ఒంటికి పడవండీ" అని తీర్పు చెప్పేస్తాం. పడకపోవడం కాదు, దాన్ని ఎవరూ సరిగ్గా వండలేదు. తప్పులు చాలానే ఉన్నాయి కానీ పెద్దవి రెండు. ఆకు దగ్గర పీనాసితనం, అన్నీ చల్లారాక కలపడం.

ముందు ఆకు సంగతి. కొత్తిమీర మనకి కొసరు. కూరగాయలన్నీ తూకం వేయించుకున్నాక "కాస్త కొత్తిమీర, రెండు రెబ్బలు కరివేపాకు వెయ్యవయ్యా" అని అడిగి మరీ సంచిలో వేయించుకుంటాం. ఊరికే వచ్చినదానికి వంటింట్లో ఏపాటి మర్యాద ఉంటుందో తెలిసిందే. సగం ఫ్రిజ్‌లో కవర్లోనే నల్లబడుతుంది, మిగతా సగం చారు దించాక పైన పడుతుంది. పచ్చడి నూరే రోజు తప్ప దాన్ని ఆకుకూరల లెక్కలో ఎవరూ వెయ్యరు. పుదీనాది ఇంకా అన్యాయం, బిర్యానీ రోజున తప్ప గడప తొక్కనివ్వం.

లెబనాన్ వాళ్ళ తబూలే చూడండి. బయటివాళ్ళంతా దాన్ని గోధుమ రవ్వ సలాడ్ అనుకుంటారు కానీ అక్కడి గిన్నెలో రవ్వని వెతుక్కోవాలి. గిన్నె నిండా ఉండేది సన్నగా తరిగిన పార్స్‌లీ (చూడ్డానికి కొత్తిమీరలా ఉండే ఆకు), దానికి తోడు పుదీనా. తర్వాత టమాటా, ఉల్లి, నిమ్మరసం, ఆలివ్ నూనె. రవ్వ పిడికెడు వేస్తారంతే, ఆ టమాటా, నిమ్మరసం ఊరిన నీళ్ళని పీల్చుకోడానికి. మన బౌల్స్‌లో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. గింజలు గుట్టగా, ఆకు బొట్టుగా. ఇద్దరికి చేసే సలాడ్‌కి కొత్తిమీర ఒక పెద్ద కట్ట మొత్తం, పుదీనా గుప్పెడు నిండా వెయ్యండి. చూడగానే "అమ్మో ఇంత ఆకా" అనిపించాలి. నిమ్మరసం, ఉప్పు తగిలాక ఎలాగూ సగానికి కుదించుకుపోతుంది.

ఆకు దండిగా వెయ్యాలంటే దాన్ని కాస్త పద్ధతిగా చూసుకోవాలి. కొత్తిమీరని కుళాయి కింద ఆడించి అయిందనుకుంటే మట్టి పంటికి తగులుతుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి ముంచి పైకి తియ్యాలి, మట్టి అడుక్కి దిగుతుంది. నీళ్ళు తేటగా ఉండేదాకా అలాగే. తర్వాత పాత నూలు పంచెలో పరిచి తడి ఆరనివ్వాలి. ఇది బద్ధకించే చోటే సలాడ్ పాడయ్యేది, ఆకు మీద తడి ఉంటే ఉప్పూ పులుపూ అంతా నీళ్ళతో కిందికి జారిపోతుంది. కొత్తిమీర లేత కాడలు పారెయ్యకండి, ఘాటు అక్కడే ఉంది. పుదీనాకి మాత్రం ఆకులే, అదీ చివర్లో తుంచి వెయ్యాలి. ముందే తరిగి పెడితే నల్లబడిపోతుంది.

ఇక పార్స్‌లీ దొరకలేదని దిగులు పడేవాళ్ళకి ఒక మాట. మన మార్కెట్లో పచ్చిగా తినదగ్గ ఆకులు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. తెలంగాణలో సోయకూర (ఇంగ్లీషులో డిల్) దొరుకుతుంది. శనగలకి దాని వాసన భలే నప్పుతుంది, కానీ కాస్త ఎక్కువైతే గిన్నెంతా అదే వాసన. ఉల్లికాడలు ఉన్నాయి. లేత మెంతికూర చిన్న కట్టలు ఉన్నాయి, ఆ చిరుచేదు నిమ్మరసంలో బాగుంటుంది. వాము ఆకు ఒక్కటి సన్నగా తరిగి వేస్తే చాలు. చుక్కకూర పచ్చిగా తరిగి వేస్తే నిమ్మకాయ అవసరమే తగ్గిపోతుంది, అయితే కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు దాని జోలికి పోవద్దు. వీటన్నిటికీ మించింది ఎండాకాలపు చింతచిగురు. చిన్నప్పుడు చెట్టు కింద నిలబడి దూసుకుతిన్నవాళ్ళకి దాని గురించి కొత్తగా చెప్పేదేముంది. పప్పులోకీ మాంసంలోకీ అయితే సరే కానీ, పచ్చి చిగురు రెండు పిడికిళ్ళు జొన్నల మీద చల్లి చూడండి.

గింజల దగ్గరికి వద్దాం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సామలు, అండుకొర్రలు ప్రతి సూపర్ మార్కెట్లోనూ వరసగా నిలబడ్డాయి. సంతోషం. కానీ సలాడ్‌కి చిరుధాన్యాలన్నీ ఒకేలా పనికిరావు. కొర్రలూ సామలూ వేడిగా ఉన్నంతసేపే బాగుంటాయి. చల్లారితే గింజలో పిండి బిగుసుకుంటుంది, రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి పలుకులా అయ్యేదీ అందుకే. పైగా ప్యాకెట్లో తెల్లగా మెరిసే కొర్రల్లో చాలావాటికి తవుడు పొర కూడా పాలిష్‌లో పోయి ఉంటుంది. ఊక తియ్యాల్సిందే, తవుడు తియ్యక్కర్లేదు. పాలిష్ పట్టినవి కొనుక్కుని ముడిధాన్యం తింటున్నాం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నన్నడిగితే ఈ పనికి జొన్నల్ని కొట్టింది లేదు. రొట్టెలకి పిండి పట్టిస్తాం, సంకటి చేస్తాం కానీ గింజని గింజగా వండి తినడం బాగా తగ్గిపోయింది. రాత్రి నానబెట్టి, పొద్దున ఉప్పేసి, నీళ్ళు దండిగా పోసి కుక్కర్లో పెట్టండి. నాలుగైదు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి ఇంకో పావుగంట. వార్చేసి పళ్ళెంలో పరవండి. గింజ ఉడికినా పంటి కింద సాగుతూ నమలడానికి బాగుంటుంది, మర్నాటికి కూడా దేనికది విడిగానే ఉంటుంది. అచ్చం గోధుమలు కూడా ఇలాగే వండుకోవచ్చు, బార్లీ కూడా. దంపుడు బియ్యం పర్వాలేదు, నాకైతే సలాడ్‌లో అది అంత ఇష్టం లేదు.

ఎర్ర గోధుమ నూక కూడా బాగుంటుంది కానీ దాని విషయంలో ఒక గొడవ ఉంది. వీడియోల్లో వంట చెప్పేవాళ్ళు "బుల్గర్ లేకపోతే గోధుమ నూక నానబెట్టేసుకోండి" అని తేలిగ్గా చెప్పేస్తుంటారు. బుల్గర్ అంటే గోధుమల్ని ముందే ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత విరిచినది. అందుకే వేడినీళ్ళలో నానితే చాలు. మన నూక పచ్చి గోధుమని మరలో విరిచినది. దాన్ని నానబెట్టి తింటే కడుపునొప్పే మిగులుతుంది. చెంచాడు నూనెలో దోరగా వేయించి, కప్పుకి రెండు కప్పుల కన్నా కాస్త తక్కువ నీళ్ళు పోసి, పొడిపొడిగా ఉడికించాలి. బొంబాయి రవ్వతో చేసి "గోధుమే కదా" అనేవాళ్ళకి చెప్పడం నా వల్ల కాదు. పొట్టూ మొలకా తీసేశాక మిగిలింది అది.

శనగలు. మాది ప్రకాశం జిల్లా కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి. అక్కడి నల్లరేగడి నేలల్లో రబీ వచ్చిందంటే శనగే. జేజీ 11 అనే రకం పేరు తెలియని రైతు మా వైపు ఉండడు. కాబూలీ కూడా పండిస్తారు. పండించే ఊళ్ళ నుంచి వచ్చిన మనం సిటీలో ఉడకని శనగల్ని నమలడం ఏం ఖర్మ?

ఉడక్కపోవడానికి కారణాలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకటి, పాత సరుకు. ఏళ్ళ తరబడి డబ్బాలో మూలిగిన శనగలు ఎన్ని విజిల్స్ వచ్చినా లొంగవు. రెండోది, నీళ్ళు. బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ ఉంటే శనగ పొట్టు మరింత బిగుస్తుంది. అపార్ట్‌మెంట్ బోరుతో వండేవాళ్ళు నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్ళు వాడి చూడండి, తేడా తెలుస్తుంది. నానబెట్టే నీళ్ళలోనే ఉప్పు వెయ్యండి. ఉప్పేస్తే గట్టిపడతాయని చాలామంది అంటారు కానీ జరిగేది దానికి రివర్స్. ఉప్పులోని సోడియం పొట్టులోని కాల్షియం స్థానంలోకి చేరి పొట్టుని మెత్తబరుస్తుంది. మరీ మొండి శనగలైతే చిటికెడు వంటసోడా. పులుపు మాత్రం ఉడికాకే. నిమ్మరసమో చింతపండో ముందే పడిందంటే శనగ ఇక మెత్తబడదు. రాత్రంతా నానాలి, మధ్యాహ్నం గుర్తొచ్చి గంట నానబెడితే సరిపోదు.

కాబూలీ బాగుంటాయి, వెన్నలా నలుగుతాయి. నాకు మాత్రం నల్ల శనగలే ఎక్కువ ఇష్టం. పొట్టు మందం, రుచి గట్టిది, ఇంత ఆకుకి ఎదురు నిలబడాలంటే ఆ గట్టితనం కావాలి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఉప్పూ మిరియాలూ వేసి చారు కాచుకోండి.

ఇప్పుడు రెండో పెద్ద తప్పు. వేడి మీద ఉన్న గింజ దేన్నయినా పీలుస్తుంది, చల్లారింది పీల్చదు. జొన్నలు, శనగలు వార్చిన వెంటనే, పొగలు పోతుండగానే ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, పచ్చిమిర్చి తరుగు, గానుగ నూనె వేసి కలిపెయ్యాలి. వేరుశనగ నూనె అయినా, నువ్వుల నూనె అయినా మంచిదే. ఆలివ్ ఉంటే వెయ్యండి, లేదని ఆగకండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ కూడా ఆ వేడిలోనే వేస్తే ఘాటు విరుగుతుంది. నిమ్మరసం గోరువెచ్చగా అయ్యాక, లేకపోతే ఆ వాసన ఆవిరితో పోతుంది. ఆకు పూర్తిగా చల్లారాక. వరస ఇంతే, కానీ కేఫ్‌ల్లో ఇది కుదరదు. పొద్దున వండి ఫ్రిజ్‌లో పెట్టిన గింజల డబ్బా, ఇంకో డబ్బాలో శనగలు, ఆర్డర్ రాగానే గరిటెడు గరిటెడు వేసి పైన ఏదో చుక్కలు పోస్తారు. ఉప్పు గింజ పైన ఉంటుంది, లోపల ఉండదు. అందుకే మొదటి ముద్ద ఉప్పగా, నాలుగో ముద్ద చప్పగా.

మా అత్తగారు దీన్ని చూసి "పోపు వెయ్యడం మర్చిపోయావామ్మా?" అన్నారు. "ఇది ఇంతే అత్తయ్యా, పోపు ఉండదు" అన్నాను. "అయితే గుగ్గిళ్ళనే చెప్పొచ్చుగా, సలాడ్ అనడమెందుకు?" అని ఆవిడ. ఈ పోస్టు కింద కూడా సగం కామెంట్లు ఇవే వస్తాయని తెలుసు. మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు, మనం మర్చిపోయాం, విదేశీయులు పేరు మార్చి అమ్ముతున్నారు, ఇంకా ఎన్నో. నేను ఒప్పుకోను. గుగ్గిళ్ళు వేరు. అవి వేడి వేడిగా, ఆవాలూ ఎండుమిర్చీ ఇంగువా తగిలించి, కొబ్బరి కోరుతో తినేవి. అందులో ఆకు లేదు, పులుపు కూడా అంతగా లేదు. దసరాకి నాకు గుగ్గిళ్ళే కావాలి, సలాడ్ పెడితే గొడవే. దగ్గర చుట్టం ఎవరైనా ఉంటే అది శ్రీరామనవమి వడపప్పు. నానిన పెసరపప్పు, కీరా, కొబ్బరి, మామిడి తురుము. దాంట్లో కూడా ఆకు చుట్టపుచూపుకే వస్తుంది. లెబనాన్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటే నేర్చుకుందాం, అందులో నామోషీ ఏముంది? శ్రావణంలో వాయనాల పేరుతో ఇంటికి చేరే నానిన శనగలు మాత్రం ఈ పనికి దివ్యంగా పనికొస్తాయి. శుక్రవారం రాత్రికి ఫ్రిజ్‌లో ఎన్ని కవర్లు ఉంటాయో నాకు చెప్పక్కర్లేదు.

ప్రోటీన్ లెక్క అడుగుతారు కాబట్టి. ఉడికిన శనగలు వంద గ్రాములకి తొమ్మిది గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. బౌల్‌లో పైన చల్లిన గుప్పెడుతో అంత రాదు, కప్పు నిండా ఉండాలి. ప్రోటీన్ తయారయ్యేది అమైనో ఆమ్లాలతో. వాటిలో లైసిన్ అనేది ధాన్యంలో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పుల్లో తక్కువ, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. అన్నం పప్పు తినేవాళ్ళం, ఇంతకన్నా వివరం మనకెందుకు. శనగలు అలవాటు లేని పొట్టలవాళ్ళు మొదటి రోజే గిన్నెడు లాగించి ఉబ్బరం వచ్చిందని నన్ను తిట్టకండి. నానబెట్టిన నీళ్ళు పారబోసి వండండి, కొంచెం కొంచెంగా పెంచండి.

అమెరికాలో ఉండి డబ్బా శనగలతో చేసేవాళ్ళు గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు. కడిగి, మంచినీళ్ళలో ఉప్పేసి రెండు నిమిషాలు మరిగించి వార్చండి. ఆ వేడి చాలు, మిగతా అంతా పైన చెప్పినట్టే.

ఆఫీసు డబ్బాకి పెట్టుకునేవాళ్ళు ఆకుని విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్ళి అక్కడ కలుపుకోండి. కీరాలో గింజలున్న మధ్యభాగం తీసెయ్యండి, లేకపోతే మధ్యాహ్నానికి అడుగున చెరువే. మన ఎండల్లో ఉడికిన గింజల్ని గంటల తరబడి బయట ఉంచకండి, ఆఫీసు ఫ్రిజ్‌లో చోటు చూసుకుని తినేముందు కాసేపు బయట పెట్టుకోండి. మరీ చల్లగా ఉంటే ఉప్పూ పులుపూ నాలుకకి తెలియవు.

మీ ఊళ్ళో పచ్చిగా తినే ఆకులు ఇంకేమైనా ఉంటే కింద రాయండి. మునగాకు అని మాత్రం రాయకండి, నమిలి చూసే చెబుతున్నాను.