కాగితాల దగ్గర మొహమాటమొద్దు

ఊళ్లో పొలం అమ్మిన డబ్బు, ఐటీ ఉద్యోగంలో కూడబెట్టింది కలిపి బెంగళూరులో అద్దెకిచ్చే ఫ్లాటో, థర్టీ ఫార్టీ (30x40 అడుగుల) సైటో కొనాలని చూసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ‘ప్రీలాంచ్ రేటండీ, సోమవారం నుంచి పెరుగుతుంది’ అని, అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలవకముందే తక్కువ ధరకంటూ, ఫోన్ చేసే ఏజెంటు కూడా తరచుగా మనవాడే. మనవాడు కాబట్టి కాగితాలు అడగడానికి మొహమాటం. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, నమోదు చేయాల్సిన ప్రాజెక్టును నమోదు కాకముందే ప్రకటించకూడదు, బుకింగులు తీసుకోకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. ‘ఇది బుకింగ్ కాదు, ఆసక్తి తెలిపే చెక్కు మాత్రమే’ అని పేరు మార్చినంత మాత్రాన అది మరొకటి అయిపోదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టేవాటికి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివాటికి రెరా నమోదు అక్కర్లేదు. మామూలు సిక్స్‌టీ ఫార్టీ సైటులో లేపే అపార్ట్‌మెంట్లు ఈ లెక్కలోకే వస్తాయి. చిన్న పెట్టుబడిదారు ఎక్కువగా కొనేదీ అక్కడే!

అందుకే మా సలహా ఒక్కటే: కట్టడం పూర్తయి, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే అందులో నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) చేతికొచ్చిన పాత ఫ్లాటు చదరపు అడుగుకు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు. ఓసీ చూశాకే బ్యాంకులు అప్పివ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లు కూడా అది ఉంటేనే ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓసీ లేని ఫ్లాటు చవగ్గా కొన్నవారు రేపు అమ్మబోతే, కొనేవాడికి లోను దొరకడం కష్టం.

సైట్ల సంగతి మరీ జాగ్రత్త. వ్యవసాయ భూమిని కన్వర్షన్ (వేరే వాడకానికి మార్చుకునే అనుమతి) లేకుండా ముక్కలు చేసి అమ్మే ‘రెవెన్యూ సైట్లు’ బీ ఖాతాలో, అంటే నిబంధనలు పాటించని ఆస్తుల పన్ను రికార్డులో, ఉంటాయి. రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా (ఆన్‌లైన్ ఖాతా) తప్పనిసరి అయ్యాక ఆ తేడా దాచడం కష్టమైంది, మంచిదే. మూలపత్రం దాకా వెనక్కి వెళ్లి చూడాలి. ఆ భూమి ఒకప్పుడు ప్రభుత్వం దళితులకో, గిరిజనులకో ఇచ్చినదైతే, 1978 నాటి కర్ణాటక చట్టం కింద ప్రభుత్వ అనుమతి లేని అమ్మకం చెల్లదు. కన్నడ లిపి మన లిపికి దగ్గరగా ఉండేసరికి కూడబలుక్కుని చదివి, అర్థమైందనుకుంటారు మనవాళ్లు. బిల్డరు చూపించిన లాయరుకు కాదు, మీరు ఎంచుకున్న స్థానిక సివిల్ లాయరుకు ఫీజిచ్చి చదివించండి.

ఇక లెక్క. 90 లక్షల ఫ్లాటుకు నెలకు 28 వేలు అద్దె వస్తుందనుకుందాం. అంటే ఏడాదికి 3.36 లక్షలు, నాలుగు శాతం కూడా లేదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.6 శాతం దాకా, అంటే రెండేళ్ల అద్దె మొదటి రోజే పోయినట్టు. 70 లక్షల లోను 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 60 వేలు దాటుతుంది. మిగతా 32 వేలు నెలనెలా జీతంలోంచి కట్టగలరా? ఫ్లాటు రెండు నెలలు ఖాళీగా ఉంటే? ధర పెరుగుతుందిలే అన్నది జవాబు కాదు, ఆశ. అద్దెకొచ్చినవారు ఇచ్చే అడ్వాన్సును ఈఎంఐకి వాడేసి, వారు ఖాళీ చేసే రోజున అప్పు కోసం తిరిగే ఓనర్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

చివరగా నీళ్లు. 2024 వేసవిలో బోర్లు ఎండి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం ఎలా ఎదురుచూశాయో నగరానికి తెలుసు. కొనేముందు కావేరి నీటి కనెక్షన్ ఉందో లేదో చూసుకుని, గత ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్కలు అసోసియేషన్‌ను అడగండి. ట్యాంకర్ల ఖర్చు అందులోనే కనిపిస్తుంది.