అందరికీ ఒకే శాతం పెడితే అది సమానం ఎలా అవుతుంది?

2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలెంలో జరిగిన వాతావరణ సదస్సు వేళ, జీవ ఇంధనాలు (పంటల నుంచి, వాటి వ్యర్థాల నుంచి తీసేవి), హైడ్రోజన్ లాంటి వాటి వాడకాన్ని 2035కల్లా నాలుగు రెట్లు చేస్తామని కొన్ని దేశాలు మాట ఇచ్చాయి. మన దేశమూ వాటిలో ఉంది. ఎవరి వాటా ఎంతో మాత్రం రాసుకోలేదు. అసలు పేచీ అక్కడే.

ఈ పంపకం ఎంత చిక్కో యూరప్ అనుభవం చూస్తే తెలుస్తుంది. 2020 నాటికి మొత్తం ఇంధన వాడకంలో 20 శాతం పునరుత్పాదకం కావాలని 2009లో అక్కడ చట్టం చేశారు. పెంచాల్సిన దాంట్లో సగం అందరికీ ఒకేలా వేసి, మిగతా సగం తలసరి ఆదాయాన్ని బట్టి పంచారు. అప్పటికే బాగా ముందున్న స్వీడన్‌కు 49 శాతం, మాల్టాకు 10 శాతం వచ్చాయి. బండ్లకు వాడే ఇంధనం దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క వదిలేశారు. ఉన్న దేశమైనా లేని దేశమైనా 10 శాతమే. జీవ ఇంధనానికి పంట పండించుకోలేనివాళ్లు బయట కొనుక్కుంటారులే అన్నారు. కొనుక్కున్నారు కూడా. ఇండోనేషియా, మలేషియాల పామాయిల్ యూరప్ డీజిల్‌లో కలిసింది, అక్కడి అడవులకు ముప్పు పెరిగింది. ఆ తర్వాత 2015లో ఆహార పంటల ఇంధనానికి 7 శాతం పరిమితి పెట్టారు. లక్ష్యం వాళ్లది, నేల ఇంకొకరిది. దీన్ని న్యాయమైన పంపకం అనలేం.

శ్రీకాకుళం, విజయనగరం రైతుకు ఇదంతా దూరపు కబురు కాదు. వరి కోసిన పొలాల్లో రబీకి ఇప్పుడు చాలాచోట్ల మొక్కజొన్నే. కోతల కాలంలో రోడ్డు అంచున టార్పాలిన్ల మీద గింజలు ఆరబోసి ఉంటాయి. వ్యాపారి మీటరు పెట్టి చూసి, తేమ 14 శాతం దాటిందంటే ధర కోసేస్తాడు. క్వింటాలు మొక్కజొన్నతో పెట్రోలులో కలిపే ఇథనాల్ సుమారు 38 లీటర్లు వస్తుంది. ఆయిల్ కంపెనీలు దాన్ని కొనడానికి ప్రభుత్వం ఖరారు చేసిన రేటు లీటరుకు 71 రూపాయల 86 పైసలు. అంటే క్వింటాలు మీద 2,700 రూపాయలు దాటుతుంది. 2025-26కు మద్దతు ధర 2,400. కల్లం దగ్గర అదీ దక్కని రైతులున్నారు. లక్ష్యం పేరుతో గిరాకీ పెరిగినా, లాభం పొలం దాకా రావడం లేదు.

ఇథనాల్ వద్దని నేననను. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలని మొదట 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని మన దేశం 2025లోనే అందుకుంది, అది చిన్న విషయం కాదు. కానీ దానికోసం ఒకప్పుడు ఎగుమతి చేసిన మొక్కజొన్నను 2024లో దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. కోళ్ల దాణా ఖర్చు పెరిగిందని ఫారాలవాళ్లు మొత్తుకున్నారు. ఇండోనేషియా 2025లో డీజిల్‌లో 40 శాతం పామాయిల్ ఇంధనం కలపడం మొదలుపెట్టింది. ఆ నూనె ఎక్కువగా కొనేది మనమే కాబట్టి, దాని ధర పెరిగితే ఆ భారం మన వంటింటి మీదా పడుతుంది.

కాబట్టి వాటా తేల్చేటప్పుడు మొదట చూడాల్సింది మనిషికి ఎంత పెట్రోలు, డీజిల్ కాలుస్తున్నారన్నది. ఇంటికి రెండు కార్లున్న దేశమూ, బైకు మీద ముగ్గురు వెళ్లే దేశమూ ఒకే శాతం మోయడం కుదరదు. ఎక్కువ కాల్చేవాళ్లు తిండిగింజలతో పనిలేని ఇంధనాలకు డబ్బూ, టెక్నాలజీ ఇవ్వాలి. దేశం లోపల కూడా ఇదే వర్తిస్తుంది. పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాల్ తీస్తున్నారు. పంజాబ్, హర్యానాల్లో తగలబెట్టే గడ్డికి అది మంచి దారి. మన జిల్లాల్లో ఆ గడ్డి పశువుల మేత, ఇక్కడ అదే పద్ధతి పెడితే పాడిరైతు నష్టపోతాడు. 20 శాతం దాటి కొత్త లక్ష్యం ప్రకటించే ముందు ఏ జిల్లా నుంచి ఎన్ని ఎకరాల పంట, ఎంత నీరు దానికి పోతుందో, రైతుకు కనీసం మద్దతు ధర ఎవరు పూచీ పడతారో కేంద్రం లెక్కతో సహా చెప్పాలి.