ఐసు మొహం చూడని చేప

బెజవాడలో చేప తాజాదనానికి ఒకటే పరీక్ష: టబ్బులో కొట్టుకోవాలి. ఈ శాస్త్రం రాసింది కొర్రమీను. పైకి తేలి గాలి పీల్చుకోగలదు గనక గుక్కెడు నీళ్లలోనూ గంటల తరబడి బతికి, కొనేవాడి చొక్కా తడిపి మరీ యోగ్యత నిరూపించుకుంటుంది. సూర చేపకి, అదే ట్యూనాకి, ఆ పాటి మర్యాద తెలీదు. నోరు తెరుచుకుని ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరెళ్లి ఊపిరాడుతుంది, ఆగిందా చచ్చిందే. పోనీ బందరు కాలవలో ఈదుకుంటూ రమ్మందామా అంటే ఉప్పునీటి ప్రాణి. కనక మన ఊరికి చచ్చే వస్తుంది. మొదటి మార్కు అక్కడే పోయింది.

రెండో నేరం ఇంకా పెద్దది. అది ఐసులో వస్తుంది.

లక్షద్వీప్‌లోని మినికాయ్, మాల్దీవుల జాలర్లని తల్చుకుంటే జాలేస్తుంది. వల వేసి మందనంతా ఊడ్చేయొచ్చు కదా! వేయరు. బతికున్న ఎర చేపల్ని సముద్రంలోకి విసిరి, నీళ్లు చిమ్మి, ఎర గుంపు కుతకుతలాడుతున్నట్టు సూరల్ని నమ్మిస్తారు. ఒక గెడ, ఒక దారం, ముల్లు లేని ఒక గాలం. లాగిన చేప గాల్లోనే గాలం వదిలి పడవలో పడాలి. గాలానికి ఒకటే చేప కనక తాబేళ్లూ డాల్ఫిన్లూ ఇరుక్కోవడం బహు అరుదు. మన విశాఖ తెప్పలవాళ్లు కూడా పసుపు రెక్కల సూరని గాలంతోనే పడతారు. ఇంత చాదస్తమా!

చాదస్తం అక్కడితో ఆగదు. సూర ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చన. గింజుకునేకొద్దీ ఇంకా వేడెక్కి, కండ పాలిపోయి మెత్తబడుతుంది. అందుకని పడగానే తలమీద ఒక్క దెబ్బ, పక్క రెక్క వెనక కోత, నెత్తురు కారాక మొప్పలూ పేగులూ తీసేయడం, కడుపులోకి మెత్తగా కొట్టిన ఐసు కూరడం. దిమ్మలు పనికిరావు. చేపకి ఆనవు సరికదా, మూలలు గుచ్చుకుని కండ కములుతుంది. లెక్క కిలో చేపకి కిలో ఐసు. వేడి 4 డిగ్రీలు దాటకూడదట.

ఇన్ని తిప్పలుపడి తెచ్చిన చేపని ఆదివారం ఉదయం మనం ఉద్ధరిస్తాం. ఐసు కనిపిస్తే "నిలవ సరుకు" అని పక్క కొట్టుకి పోతాం. పాపం, అమ్మేవాళ్లకి బేరం ముఖ్యం. ఐసు దులిపేసి, చెంబెడు నీళ్లు పోసి, నిగనిగలాడేలా బల్లమీద ఎండకి పరుస్తారు. అప్పుడు మన కళ్లు చల్లబడతాయి. కండలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని సూక్ష్మజీవులు హిస్టమిన్ అనే విషంగా మార్చే పనిలో పడతాయి. ఒకసారి పుట్టాక అది ఉడికించినా పోదు, వేయించినా పోదు, మళ్లీ ఐసులో పెట్టినా పోదు.

దాని గుర్తులు మాత్రం చూడండి: నాలుకమీద మిరియంలాంటి మంట, మొహం ఎర్రబడటం, తలపోటు, గుండె దడ. గుంటూరు జిల్లాలో పులుసు తిన్నాక ఇవి లేకపోతేనే కదా ఇంటావిడని అనుమానించాలి! "కారం ఘాటుగా కుదిరింది" అని మెచ్చుకుని మజ్జిగ తాగి పడుకుంటాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తీరంలో మరపడవల వేటకి నిషేధం. మే నెలలో "ఇవాళ పొద్దున పట్టిందేనా?" అని నిలదీయడం మన జన్మహక్కు.

వంట సంగతీ తేలిపోవాలి. తెలిసినవాళ్లయితే నడుమనున్న నల్లెరుపు కండ పట్టీ తీసేసి, పులుసు మరిగి నూనె తేలాకే ముక్కలేసి, అయిదారు నిమిషాల్లో దించేస్తారట. మనం బొచ్చె చేపలాగే అరగంట కుతకుత ఉడికిస్తాం. కొబ్బరి పీచు తయారవుతుంది. "సముద్రపు చేప ఇంతేలే" అని తీర్పిస్తాం.

ఉదయం పదకొండు. నెత్తిన ఎండ.

"ఏమ్మా, ఐసు పెట్టింది కాదుగా?"

"అయ్యో, ఐసు మొహం చూళ్లేదు బాబూ! తెల్లారి ఆరింటి నుంచీ ఈ బల్లమీదే ఉంది."

"అయితే రెండు కిలోలు కొట్టు."