బినామీ తోక

మన తెలుగు ఇళ్లలో ప్రేమ చూపడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. "తిన్నావా?" అంటే ప్రేమ. "ఇంకా తినలేదా?" అంటే గాఢమైన ప్రేమ. అంతకు మించి ఒక్క మాట పలికినా, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. తరతరాలుగా కాపాడుకుంటున్న ఈ గాంభీర్యాన్ని మూడేళ్లుగా మా ఇంట్లో ఒక నాలుగుకాళ్ల జీవి మంటగలుపుతోంది. పేరు జాకీ. కులగోత్రాలు తెలియవు. ఒక వానరోజున మెట్ల కింద దొరికింది.

అభియోగం వివరిస్తాను. కరివేపాకు కోసం సందు చివరికి వెళ్లి ఏడు నిమిషాల్లో తిరిగొస్తాను. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనుకున్న రోజుల్లో కూడా తిరిగొచ్చినవాడికి ఇంత స్వాగతం దక్కి ఉండదు. మూలుగుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, నేను విడిచిన చెప్పు నోట కరుచుకుని హాలంతా ఊరేగిస్తుంది. అదే సమయంలో సోఫాలో ఉన్న మా అబ్బాయి, ఫోను మీంచి తల ఎత్తకుండా, "కొత్తిమీర కూడా తెమ్మంది అమ్మ" అంటాడు. పెంపకమంటే అదీ!

శాస్త్రవేత్తలు బుద్ధి చెబుతారనుకుంటే వాళ్లూ కుక్కల పక్షమే. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించారు. తల్లినీ బిడ్డనూ ముడివేసే హార్మోనది. నేనూ మా ఆవిడా ఇరవై ఆరేళ్లలో కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకున్నది సాంబారులో ఉప్పు తక్కువైనప్పుడే. ఆ క్షణాన పెరిగింది ఆక్సిటోసిన్ మాత్రం కాదు.

యజమాని కనబడితే కుక్క తోక కుడివైపుకు ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు తేల్చారు. సరే చూద్దామని నోటుపుస్తకం పట్టుకుని జాకీ వెనక్కి వెళ్లాను. అది ముఖం నా వైపు తిప్పింది. మళ్లీ వెనక్కి వెళ్లాను. మళ్లీ తిప్పింది. తోక చూడాలని నేను, నన్ను చూడాలని అది, హాలు మధ్యలో పావుగంట ప్రదక్షిణలు చేశాం. చివరికి నాకు కళ్లు తిరిగి కూర్చుంటే ఒళ్లోకెక్కి ముఖం నాకింది. ఈ నాకుడుకూ ఒక పూర్వకథ ఉంది. వేట నుంచి వచ్చిన పెద్ద తోడేళ్ల మూతిని పిల్లలు నాకేది, తిన్నది కక్కి పెట్టమని అడగడానికట. అంటే నేను ముద్దనుకుని మురిసిపోయింది, పొద్దున తిన్న పెసరట్టు వాపసు చేయమనే అర్జీ!

ఇక జపాన్ కుక్క హచికో సంగతి అందరికీ తెలిసిందే. 1925లో యజమాని పోయాక, 1935లో తాను పోయేదాకా షిబుయా రైల్వే స్టేషన్ దగ్గర ఆయన కోసం ఎదురుచూసింది. అది బతికుండగానే, 1934లో, విగ్రహం కూడా పెట్టారు. దాని కడుపులో కోడిమాంసం గుచ్చి కాల్చే పుల్లలు దొరికాయి కాబట్టి స్టేషనుకు వచ్చింది తిండి కోసమేనని కొందరు సందేహజీవుల వాదన. మన బంధువులు పెళ్లికి వచ్చి రెండోసారి బిర్యానీ వడ్డించుకుంటే వాళ్ల ఆప్యాయతను ఎవరైనా శంకిస్తున్నారా?

పురాణాల జోలికి ఎక్కువగా పోను. కుక్కను వెంటబెట్టుకుని వస్తే స్వర్గంలో చోటు లేదని ధర్మరాజుతో చెప్పిన ఇంద్రుడే లోకంలో తొలి అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అని మాత్రం మనవి.

ఇదంతా క్షమించవచ్చు. అసలు నేరం ఈమధ్యే బయటపడింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి రోజూ రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, జాకీ ఎలా ఉంది? వేళకు తింటోందా? మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడుగుతుంది. జాకీకి మోకాళ్ల నొప్పి లేదు. నాకుంది. "తగ్గిందమ్మా, నువ్వు పండక్కి వస్తావేమోనని చూస్తోంది" అంటాను. నా పక్కనే బోర్లా పడుకున్న జాకీకి పండగ ఎప్పుడో కూడా తెలియదు. మా అబ్బాయి పరీక్ష తప్పిన రోజున భోజనానికి రాకపోతే, మా ఆవిడ తలుపు బయట నిలబడి, "నువ్వు తినకపోతే జాకీ కూడా తిననంటోందిరా" అంది. గిన్నె నాకేసిన జాకీ అప్పుడు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

అర్థమైంది కదా? ఇంట్లో ఒకరి మీద ఒకరికున్న మమకారమంతా కుక్క పేరిట రాయించేశాం. ఒకరి సొమ్ముతో మరొకరి పేరున ఆస్తి పెట్టడాన్ని అరికట్టడానికి ఈ దేశంలో 1988 నుంచీ చట్టముంది. ఈ కేసుకు అది వర్తిస్తుందో లేదో కనుక్కోవాలని గట్టిగా నిశ్చయించుకున్నాను కూడా.

మొన్న పని మీద విజయవాడ వెళ్లాను. తిరుగు బస్సు ఆలస్యం. తొమ్మిదింటికి మా ఆవిడ ఫోన్ చేసింది. "జాకీ గుమ్మం వదలడం లేదండీ. ఎంతవరకు వచ్చారు?" పదింటికి మళ్లీ చేసింది. "జాకీ ఒకటే బెంగ పెట్టుకుంది." సూర్యాపేట దాటానని జాకీకి చెప్పమన్నాను.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. గంట నొక్కబోతుండగానే తలుపు తెరుచుకుంది. లోపల సోఫా కింద జాకీ నాలుగు కాళ్లూ చాపి గురక పెడుతోంది. నేను వచ్చిన అలికిడికి ఒక చెవి కదిపి, మళ్లీ నిద్రలోకి జారుకుంది.

"ఇంతసేపూ ఇక్కడే కూర్చుందండీ. ఇప్పుడే పడుకుంది" అంది మా ఆవిడ, గుమ్మం దగ్గర వేసిన కుర్చీని పక్కకు జరుపుతూ.