కుర్రాడిలో సత్తా ఉంది, దయచేసి ఆడించకండి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ఆగస్టు వచ్చేసరికి ప్రతి జట్టులోనూ ఎవరికీ పట్టని కార్నర్‌బ్యాక్ కుర్రాడొకడు తేలతాడు (ఎదుటి జట్టులో బంతి అందుకునేవాణ్ణి కాచే రక్షకుణ్ణి కార్నర్‌బ్యాక్ అంటారు). కోచ్ కంటికి అతను ఆనడు. జట్టు యజమానికి పేరు తెలీదు. టీవీలో విశ్లేషణలు చేసే మాజీ వీరులకు అతని జెర్సీ నంబరైనా గుర్తుండదు. అతనిలో దాగి ఉన్న సత్తా ఎరిగినది ఈ భూమ్మీద ఒకే ఒక్క వర్గం. అది సోఫాల్లో కూర్చున్న మా నిపుణుల వర్గం. ఆ వర్గం తరఫున, ఎవరూ అడక్కపోయినా, ఈ విజ్ఞప్తి సమర్పించుకుంటున్నాను.

సత్తా ఉండటానికి కార్నర్‌బ్యాక్‌ని మించిన స్థానం ఆటలో లేదు. ఎందుకో వివరిస్తాను. ఎదుటి జట్టులో బంతి అందుకునే రిసీవర్‌కి తను ఎటు పరిగెత్తాలో ముందే తెలుసు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కీ తెలుసు. తెలియనివాడు అతన్ని కాయాల్సిన కార్నర్‌బ్యాక్ ఒక్కడే. పాపం, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాడి నడుము కదలికను బట్టి అతని మనసులో మాట కనిపెట్టాలి. బంతి రాకముందే చెయ్యి తగిలిందా, తప్పు ఎక్కడ జరిగితే బంతిని అక్కడికే తెచ్చి పెడతారు. నలభై గజాల అవతల తగిలితే నలభై గజాలూ ధారపోసినట్టే. తప్పు చేస్తే స్టేడియం మొత్తం చూస్తుంది. ఒప్పు చేస్తే ఎవరూ చూడరు. రిసీవర్‌ని అంగుళం వదలకుండా కాస్తే క్వార్టర్‌బ్యాక్ అటు విసరనే విసరడు, కెమెరా బంతి వెంట ఇంకోవైపు పోతుంది. మామూలు ప్రసారంలో బంతి లేచేలోపే కార్నర్‌బ్యాక్ తెర అంచు దాటి మాయమవుతాడు. మైదానంలోని 22 మందీ కనబడే వీడియో వేరే ఉంది, దానికి డబ్బు కట్టాలి. మేం కట్టలేదు. అభిప్రాయాలకు అంత ఖర్చు అవసరం లేదని మా అభిప్రాయం.

దీనివల్ల మా రంగానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఒక కార్నర్‌బ్యాక్ లెక్కల పట్టికలో సున్నాలున్నాయనుకోండి. అంత గట్టిగా కాస్తున్నాడు గనక ఎవరూ అటు బంతి విసరడం లేదని చెప్పవచ్చు. అసలు మైదానంలోకే దిగలేదని కూడా చెప్పవచ్చు. ఆడి తెచ్చుకున్న సున్నాకీ, బెంచి మీద కూర్చుని తెచ్చుకున్న సున్నాకీ కాగితం మీద తేడా లేదు. మా శాస్త్రం మొత్తం ఈ సున్నా మీదే నిలబడింది.

జట్ల వాళ్ళకీ శాస్త్రం ఒకటుంది, కాదనను. ఏటా ఇండియానాపోలిస్‌లో కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి చేతి పొడవు అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలుస్తారు. అరచెయ్యి కొలుస్తారు. 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కిస్తారు. నలభై గజాలు తిన్నగా ముందుకు పరిగెత్తించి, సెకనులో నూరో వంతు వరకూ రాసుకుంటారు. కార్నర్‌బ్యాక్ బతుకంతా వెనక్కి పరిగెత్తడమే గనక ఈ పరీక్ష ఎంత సమంజసమో నేను చెప్పనక్కర్లేదు. ఈ కొలతల్లో తప్పినవాళ్ళే మాకు ముడిసరుకు. కొలతల్లో నెగ్గి, జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులోనే ఎంపికైనవాడిలో సత్తా ఉందని ఎవడైనా అంటాడు, అందులో మా గొప్పేముంది?

ఉదాహరణకి ఎవర్సన్ వాల్స్. 1980లో గ్రాంబ్లింగ్ కాలేజీ తరఫున 11 ఇంటర్‌సెప్షన్లు (అంటే ఎదుటివాళ్ళు విసిరిన బంతిని మధ్యలో లాక్కోవడం) పట్టి దేశంలోనే మొదట నిలిచాడు. కాస్త నెమ్మది అన్నారు. ఆ రోజుల్లో డ్రాఫ్ట్ 12 రౌండ్లు జరిగేది, పన్నెండింటిలోనూ అతని పేరు ఎవరూ పిలవలేదు. అక్కడితో ఆగి ఉంటే మా చరిత్రలో మహానుభావుడిగా మిగిలిపోయేవాడు. ఆగలేదు. డాలస్ కౌబాయ్స్‌లో చేరి తొలి ఏడాదే మళ్ళీ 11 పట్టి లీగులో మొదట నిలిచాడు. సత్తా కాస్తా నిజమై కూర్చుంది. తర్వాత ఏమైందో చూడండి. 1982 జనవరి 10న శాన్ ఫ్రాన్సిస్కోతో పెద్ద మ్యాచ్. వాల్స్ రెండు బంతులు మధ్యలో లాక్కున్నాడు, కిందపడ్డ ఇంకో బంతీ దొరకబుచ్చుకున్నాడు. చివర్లో శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు డ్వైట్ క్లార్క్ ఆకాశంలోకి ఎగిరి, వేళ్ళ చివర్లతో ఒక్క బంతి అందుకున్నాడు. డాలస్ 28-27తో ఓడింది. ఆ ఫొటో అమెరికాలో ఎక్కని గోడ లేదు. అందులో అందలేక చెయ్యి చాస్తూ చూస్తున్నవాడు వాల్స్. ఆ మూడు బంతుల ఫొటోలు మీరెప్పుడైనా చూశారా? కుర్రాణ్ణి బెంచి మీదే ఉంచమని మేం మొత్తుకునేది ఇందుకే.

(కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఇప్పుడు ఫ్రిస్కోలో ఉంది. చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు బోలెడు. వారాంతం విందులో బిర్యానీ మూత తీసేలోపు ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లని మార్చేసే బాబాయిలు అక్కడ తయారవుతున్నారని విన్నాను. శాస్త్రం విస్తరిస్తోంది, సంతోషం.)

ఇంకా పాత ముచ్చట కావాలంటే డిక్ లేన్. సైన్యం నుంచి వచ్చి విమానాల ఫ్యాక్టరీలో పని చేసుకుంటున్న మనిషి, 1952లో పేపరు కత్తిరింపులు అతికించిన పుస్తకం చంకన పెట్టుకుని లాస్ ఏంజలస్ రామ్స్ ఆఫీసులోకి నడిచి వెళ్ళాడు. ఆ ఏడాది 12 మ్యాచ్‌ల్లో 14 ఇంటర్‌సెప్షన్లు. ఇప్పుడు ఏడాదికి 17 మ్యాచ్‌లాడినా ఆ రికార్డు చెక్కు చెదరలేదు. ఇలాంటివాళ్ళ వల్ల మాకు ఉపయోగం లేదు. గుర్తించేంత వ్యవధి ఇవ్వరు.

మా హృదయాన్ని నిజంగా గాయపరిచినవాడు మాల్కమ్ బట్లర్. ఇంతకన్నా మంచి ముడిసరుకు మాకు మళ్ళీ దొరకలేదు. మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్ కుర్రాడు. చిన్న కాలేజీ జట్టులోంచి తీసేస్తే పపాయ్స్‌లో కోడివేపుళ్ళు అమ్మాడు. తర్వాత ఎక్కడో వెస్ట్ అలబామాలో, రెండో శ్రేణి పోటీల్లో ఆడాడు. ఇండియానాపోలిస్‌కి పిలుపు లేదు. 2014 డ్రాఫ్ట్‌లో పేరు లేదు. పేట్రియాట్స్ వాళ్ళు వచ్చి ఒకసారి ఆడి చూపించమన్నారు, ఉంచుకున్నారు. ఆ ఏడాదంతా ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. సున్నా! మచ్చలేని సత్తా!

2015 ఫిబ్రవరి 1, లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్. రెండో సగంలో ఏ పాడు ఆలోచనో వచ్చి కోచ్ బెలిచిక్ అతన్ని దింపాడు. మొదట అంతా సవ్యంగానే సాగింది. సియాటెల్ రిసీవర్ కెర్స్ వెల్లకిలా పడి, బంతి కాలికీ చేతికీ తగిలి ఎగురుతుండగా 33 గజాల దూరాన పట్టేశాడు, పక్కనే బట్లర్. అమ్మయ్య, ఇక ఇంటికి పంపేస్తారు, వచ్చే ఆగస్టుకి మళ్ళీ మన చేతికొస్తాడు అనుకున్నాం. గోల్ లైను ఒక గజం దూరం, బంతితో అది దాటితే టచ్‌డౌన్, అంటే పాయింట్లు. సియాటెల్ దగ్గర మార్షాన్ లించ్ అనే బలశాలి ఉన్నాడు, అతని చేతికిస్తే చాలు. ఇవ్వలేదు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ బంతి విసిరాడు. సరిగ్గా ఇదే ఎత్తు మీద సాధనలో బట్లర్ అంతకుముందు దెబ్బతిన్నాడట. ఈసారి గుర్తుపట్టి, రిసీవర్ కన్నా ముందు దూకి బంతి లాక్కున్నాడు. ఇంకా 20 సెకన్లే మిగిలి ఉన్నాయి. పేట్రియాట్స్ 28-24తో గెలిచారు. పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తనకొచ్చిన బహుమతి ట్రక్కుని ఇతనికిచ్చేశాడు. కుర్రాడి సత్తా ఆ రాత్రితో ఖతం. మర్నాటి నుంచి అతను కేవలం మంచి ఆటగాడు. మంచి ఆటగాడితో మేమేం చేసుకోవాలి?

మూడేళ్ళు ఆ దుస్థితిలో గడిపాడు. చివరికి దయతలచి విముక్తి కలిగించినవాడు కూడా బెలిచిక్కే. 2018 ఫిబ్రవరి 4, మినియాపోలిస్‌లో ఫిలడెల్ఫియాతో మరో సూపర్ బౌల్. ఆ ఏడాది రక్షణలో దాదాపు ప్రతి ఆటా ఆడిన బట్లర్‌ని ఆ రాత్రి రక్షణలో ఒక్క ఆటకైనా దింపలేదు. జాతీయగీతం వినిపిస్తుంటే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆనందబాష్పాలని మా విశ్లేషణ. ఫిలడెల్ఫియా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడితే వచ్చిన నిక్ ఫోల్స్ 373 గజాలు విసిరాడు. ఫిలడెల్ఫియా మొత్తం 538 గజాలు సాధించి 41-33తో గెలిచింది. బట్లర్ మీద ఒక్క గజం పడలేదు. సున్నా! ఆ రాత్రి మైదానంలో సమర్పించుకున్న 41 పాయింట్లలో అతని వాటా ఏమీ లేదు. “వాడుంటేనా...” అని దేశమంతా అంది. ఒక్కసారి మైదానంలోకి దించితే ఆ మాట పుట్టేదా? ఎందుకు కూర్చోబెట్టారో జనం ఒప్పుకునే జవాబు బెలిచిక్ ఈనాటికీ చెప్పలేదు. నేను చెబుతున్నాను: పోయిన సత్తాని తిరిగి ఇప్పించాడు. వెంటనే మార్చిలో టెన్నెసీ జట్టు అయిదేళ్ళకి 6 కోట్ల పైచిలుకు డాలర్ల ఒప్పందం రాసిచ్చింది.

గిట్టనివాళ్ళు దీన్ని ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. అననివ్వండి. సోమలింగం ఇంతవరకూ ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వలేదన్న సంగతి వాళ్ళు మర్చిపోతున్నారు.

కాబట్టి లీగుకి మా మనవి. ఆగస్టు చివర్లో 90 మందిని 53కి కుదించేటప్పుడు ప్రతి జట్టూ ఒక కార్నర్‌బ్యాక్ కుర్రాణ్ణి విధిగా ఉంచుకోవాలి, విధిగా ఆడించకుండా ఉండాలి. ఆగస్టు సన్నాహక మ్యాచ్‌లో, చివరి పావులో, ఎదుటి జట్టు నాలుగో క్వార్టర్‌బ్యాక్ మీద ఒక్కసారి బంతి తట్టనిస్తే చాలు. ఆ ఒక్క ముక్క వీడియోతో మేం జనవరి దాకా నెట్టుకొస్తాం. ముందున్నవాళ్ళకి గాయాలైతే రిటైరైనవాళ్ళని ఇళ్ళ నుంచి పిలిపించుకోండి, మావాడి జోలికి మాత్రం రాకండి.

ఈ ఏడాది మావాడి పేరు ఇక్కడ చెప్పడం లేదు. కోచ్ చెవిన పడితే ఆడించే ప్రమాదముంది. ఒకవేళ అంతా మించిపోయి అతను దిగాల్సి వచ్చి, మొదటి మ్యాచ్‌లోనే రెండు టచ్‌డౌన్లు సమర్పించుకుంటే, ఆ కుర్రాడి గురించి మేం ఎన్నడూ ఎక్కడా ఏమీ అనలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాం. అదే రెండు బంతులు లాక్కుంటే, మే నెల నుంచీ చెబుతూనే ఉన్నాం.