డీన్ పోస్టుకు 12 నిమిషాల పరుగు

గుంటూరు, విజయవాడ జిల్లా పేజీలు తిరగేసేవారికి ఈ వార్త ఇప్పటికి కంఠతా వచ్చి ఉంటుంది. విద్యార్థి వ్యవహారాల డీన్‌గా ఫలానా ఆచార్యులు బాధ్యతలు స్వీకరించారు. తనపై నమ్మకముంచిన వీసీకి, రెక్టారుకి, రిజిస్ట్రారుకి కృతజ్ఞతలు తెలిపారు. ఫొటోలో ఒక శాలువా, మూడు బొకేలు, తొమ్మిది మంది మనుషులు. కింద విద్యార్హతలు: ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్, పీహెచ్‌డీ, 86 పరిశోధన పత్రాలు, మూడు దేశాల పర్యటన. విద్యార్థి అన్న మాట పదవి పేరులో తప్ప వార్తలో ఇంకెక్కడా కనపడదు. ఇది లోపమని గిట్టనివాళ్లు అంటారు. మేం ఒప్పుకోం. హాస్టళ్లు, హాజరు, ర్యాగింగ్ చూసుకునే డీన్ పనికి కావలసిన చదువంతా ఆ బయోడేటాలోనే ఉంది, కాస్త ఓపిగ్గా వెతుక్కోవాలి.

ముందు ఆ 86 సంగతి. అధ్యాపకుల నియామకాలకు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) పెట్టిన 2018 నిబంధనల ప్రకారం సైన్సు వారికి గుర్తింపు పొందిన జర్నల్లో పత్రం ఒక్కింటికి 8 పాయింట్లు. రాసినవాళ్లు ఇద్దరికి మించితే మొదటి రచయితకు అందులో 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. ఆరుగురు కలిసి రాశారనుకోండి. మొదటాయనకు 5.6, మిగిలిన అయిదుగురికి 2.4 చొప్పున 12, వెరసి 17.6. ఎనిమిది గిన్నెల పిండి పదిహేడున్నర గిన్నెలైంది. ఎండాకాలంలో ఇడ్లీ పిండి కూడా ఇంత పొంగదు. ఇంతటి గణితం చేతిలో ఉన్నవారికి హాస్టల్ మెస్ బిల్లు ఒక లెక్కా అని పైవాళ్లు అనుకుని ఉంటారు.

లెక్కే. హాస్టళ్లలో నడిచేది డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చును అందరూ తిన్న రోజులతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. 300 మంది 30 రోజులు తింటే 9,000 రోజులు. సరుకులకు 7 లక్షలు, వంటవాళ్ల జీతాలకు 2 లక్షలు అయితే రోజుకు 100 రూపాయలు. సంక్రాంతి వచ్చింది, పిల్లలు 12 రోజులు ఊళ్లకు పోయారు. తిన్న రోజులు 5,400కి పడ్డాయి. సరుకుల ఖర్చు 4.2 లక్షలకు దిగింది. జీతాలు దిగవు కదా. 6.2 లక్షల్ని 5,400తో భాగిస్తే దాదాపు 115. తినకపోతే రేటు పెరగడమేంటని పిల్లలు గేటు దగ్గర బైఠాయిస్తారు. దీనికి తోడు ఒక్కో గదిలో ఇద్దరు గెస్టులు, రిజిస్టర్లో ఒక్కరూ ఉండరు. వాళ్లు తిన్న అన్నం ఖర్చులో పడుతుంది, తిన్న రోజు మాత్రం లెక్కలో పడదు. ఈ భాగహారాన్ని అలాగే తెల్లకాగితం మీద వేసి మెస్ తలుపుకి అంటిస్తే సగం గొడవ అక్కడే చల్లారుతుంది. కానీ అంటించేది ‘విద్యార్థులు క్రమశిక్షణ పాటించవలెను’ అన్న సర్క్యులర్. దానికి భాగహారం అక్కర్లేదు, గుండ్రటి సీలు చాలు.

ఇక హాజరు. సెమిస్టరుకు 90 పని దినాలనుకుంటే, పరీక్షకు కావలసిన 75 శాతం అంటే 68 రోజులు. చాలాచోట్ల 65 శాతం, అంటే 59 రోజులు ఉన్నా వైద్య కారణాల మీద కండోనేషన్, అంటే లోటు మాఫీ, ఇస్తారు. ఈ తొమ్మిది రోజుల సందులో మన జిల్లాల జబ్బులన్నీ దూరతాయి. టైఫాయిడ్‌కు గిరాకీ ఎక్కువ. ఎక్కువ రోజులు పోయినవాళ్లు పచ్చకామెర్లకు వెళ్తారు. తెనాలిలో ఒకరికి, రేపల్లెలో ఒకరికి, సత్తెనపల్లిలో ఒకరికి ఒకే తేదీన వచ్చి ఒకే తేదీన తగ్గి, ఒకే చేతిరాతలో సర్టిఫికెట్ అయిన జ్వరాన్ని చూసి కూడా చెయ్యి వణక్కుండా సంతకం పెట్టాలంటే ఏదో ఒక శాస్త్రంలో డాక్టరేట్ ఉండి తీరాలి.

అన్ని నేపథ్యాల్లోకీ మా ఓటు మాత్రం మిరప పురుగు మీద పరిశోధన చేసినవారికే. 2021లో గుంటూరు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. రైతులు ఒకదాని మీద ఒకటి మందులు కొట్టారు. పురుగేమో పూలల్లో దాక్కుంది, దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. ఇది తెలిసిన ఆచార్యులు డీన్ కుర్చీలో కూర్చోగానే ర్యాగింగ్ మీద ఏం చేస్తారు? సీనియర్లు జూనియర్లతో మాట్లాడరాదని మందు కొడతారు, వారానికొక సర్క్యులర్ డోసు చొప్పున. యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలు ఆరుగురు కొత్త పిల్లలకు ఒక సీనియర్ మెంటర్ ఉండాలన్నాయి. ఆ మెంటరే మిత్ర పురుగు. మొదటి పిచికారీకి పోయేది అతనే. అసలు పురుగు రాత్రి పదకొండు దాటాక టెర్రస్ మీద క్షేమంగా ఉంటుంది.

విద్యార్థుల ఫిర్యాదుల కమిటీని గురించి రెండు ముక్కలు చాలు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం అందులో విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడు. మీటింగ్‌కు కనీసం ఇంతమంది ఉండాలన్న కోరం లెక్కలో అతను రాడు. విస్తళ్లు లెక్కపెట్టేటప్పుడు పెళ్లికొడుకుని వదిలేసినట్టు.

ఇంతా చేసి మాకున్న బాధ ఒకటే. అదే 2018 నిబంధనల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టుకు పరుగు పరీక్ష ఉంది. 12 నిమిషాల్లో 30 ఏళ్లలోపు మగవారు 1,800 మీటర్లు, 40 ఏళ్లలోపు వారు 1,500, 45 లోపు వారు 1,200, 50 లోపు వారు 800 మీటర్లు పరుగో నడకో పూర్తి చేయాలి. గ్రౌండులో విజిల్ వేసే మనిషికే ఇంత పరీక్ష ఉంటే, అర్ధరాత్రి హాస్టల్‌కు చేరాల్సిన మనిషికి ఏమీ లేకపోవడం అన్యాయం. కాబట్టి మా ప్రతిపాదన: బాధ్యతలు స్వీకరించిన రోజే రాత్రి 11 గంటలకు క్వార్టర్స్ నుంచి హాస్టల్ దాకా 800 మీటర్లు, అదే 12 నిమిషాలు. వయసు సడలింపు లేదు, గొడవలు వయసు చూసి రావు. కారు, డ్రైవరు, వెనకాల ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు నిషిద్ధం. దారిలో ఫోన్ మోగితే ఎత్తాలి, ‘మీటింగ్‌లో ఉన్నాను’ అంటే అక్కడికక్కడే ఫెయిల్. వానపడితే పరీక్ష వాయిదా వేయరాదు, హాస్టల్లో కరెంటు పోయేదే అప్పుడు. బొకేలు అటెండరు చేతిలో పెట్టవచ్చు. శాలువా మాత్రం తీసేసి రావాలి, పరిగెత్తేటప్పుడు కాళ్లకు చుట్టుకుంటుంది.