సిలిండర్ పీకేసి మెషిన్ అమ్మే మహానుభావులకో నమస్కారం

పార్సిల్ ఇప్పుడే విప్పాను. చేతులకింకా థర్మోకోల్ పొట్టు వదల్లేదు. ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా.

వచ్చింది మిన్యోన్ 4 అనే పాత టైప్‌రైటర్. బెర్లిన్‌లోని విద్యుత్ పరికరాల కంపెనీ ఏఈజీ వాళ్ళు 1924లో తెచ్చిన మోడల్. దీనికి మామూలు కీబోర్డ్ ఉండదు. ఎడమచేత్తో ఒక ముల్లు పట్టుకుని పట్టికలో కావలసిన అక్షరం మీదికి జరపాలి. దాంతోపాటే లోపల బొటనవేలంత గొట్టం తిరిగి, ఆ అక్షరాన్ని కాగితానికి ఎదురుగా తెస్తుంది. కుడిచేత్తో మీట నొక్కితే టప్‌మని అచ్చు పడుతుంది. ఆ గొట్టమే టైప్ సిలిండర్, అక్షరాలన్నీ దాని మీదే ఉంటాయి. అది లేకపోతే మిగిలేది ఇనప ముద్ద.

నాకొచ్చింది ఆ ముద్దే.

అమ్మినవాడు ప్రకటనలో ఏమని రాశాడు? "తాతగారి అటక మీద దొరికింది, పనిచేస్తుందో లేదో చూడలేదు." ఈ జర్మనీలో పాతవి అమ్మేవాళ్ళందరికీ ఒక తాత, ఆయనకో అటక. ఫోటోలు రెండే: మూత పెట్టి ఒకటి, వెనకనుంచి ఒకటి. ఇప్పుడు అనుమానం వచ్చి ఆ మనిషి పేజీలోనే కిందికి వెళ్లి చూస్తే, నా సిలిండర్! విడిగా! వేరే ధరకి! మెసేజ్ పెడితే జవాబు: "అలంకరణ వస్తువు అని రాశాను కదా."

అలంకరణట. కరెంటు పుట్టించే డైనమోలకి డ్రమ్ ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్టల భాగం) చేసిన జర్మన్ ఇంజనీరు హెఫ్నర్-ఆల్టెనెక్ బుర్ర పెట్టి చేసిన మెషిన్ ఇది. ఈయనగారికి పూలకుండీ పక్కన పెట్టుకునే బొమ్మ.

ఇంకో బాపతు ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలం నాటి మెషిన్‌కి హిట్లర్ ఎస్‌ఎస్ దళం గుర్తు ఉన్న కీ ఉంటే చాలు, ధర చుక్కలనంటుతుంది. అందుకని గుర్తు లేనివాటికి అతికించి మరీ అమ్ముతారు. కొనేవాళ్ళకి టైప్ చేయడం వచ్చా అని అడక్కండి. వాళ్ళకి కావలసింది మెషిన్ కాదు, ఆ ఒక్క కీ.

కీ అంటే గుర్తొచ్చింది. అసలు నా కడుపుమంట సిలిండర్ గురించి కాదేమో.

పోయిన ఉగాదికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మనవాళ్ళంతా కలిశాం. ఆడ్లర్, టార్పెడో టైప్‌రైటర్లు పుట్టిన ఊరు, గుర్తుంచుకోండి. తెలిసినవాళ్ళమ్మాయి ఒకతి పచ్చడి గిన్నె చేతిలో పెడుతూ, "అన్నయ్యా, మీకు టైప్‌రైటర్లంటే ఇష్టం కదా, ఇవి చూడండి" అని చెవులు చూపించింది. టైప్‌రైటర్ కీలతో చేసిన కమ్మలు. గుండ్రటి నికెల్ అంచు, పైన గాజుబిళ్ళ, లోపల పసుపు తిరిగిన కాగితం. ఒక చెవికి రెండు చుక్కల ఓ, ఇంకో చెవికి రెండు చుక్కల యు. జర్మన్ మెషిన్‌వే, సందేహం లేదు. ఏ ఎరికా టైప్‌రైటర్‌వో, ఏ ఐడియల్‌వో, కటింగ్ ప్లయర్‌తో కాడలదాకా కత్తిరించి మిగతాది తుక్కులో పడేసి ఉంటారు. ఆ కీలు లేని మెషిన్‌ని బాగుచేయడం ఎవరి తరం? ఒక్కో కీ కోసం ఇంకో మెషిన్ చంపాలి!

నేనేమనాలి? పండగపూట, చేతిలో ఉగాది పచ్చడి. "బాగున్నాయమ్మా" అన్నాను.

జత నలభై యూరోలట. కాస్త ఓపికగా వెతికితే ఆ డబ్బుకి కాగితాన్ని పట్టుకుని జరిగే క్యారేజీతో సహా పోర్టబుల్ ఎరికా వస్తుంది. ఇదే మాట ఇంటికొస్తూ కార్లో మా ఆవిడతో అన్నాను. ఆవిడ అప్పటికే ఆ అమ్మాయి దగ్గర లింక్ తీసుకుంది.